చీటీ మీద పేరొకటి, లోపల ఆకొకటి: ఇంటికి వచ్చే ‘ఇరవై ఒక్క పత్రి’ పెట్టెపై సమీక్ష

వినాయక చవితి పూజకు కావలసిన ఇరవై ఒక్క రకాల పత్రిని శుభ్రం చేసి, కట్టలు కట్టి, ప్రతి కట్టకూ పేరు రాసిన చీటీ అంటించి, పండుగ ముందు రోజు సాయంత్రానికల్లా గుమ్మంలోకి చేరుస్తామని చెప్పే పెట్టెలు ఇప్పుడు నగరాల్లో బాగానే అమ్ముడుపోతున్నాయి. మోకాళ్ల నొప్పితో రైతుబజారు రద్దీలోకి వెళ్లలేక ఈ ఏడు నేనూ ఒకటి తెప్పించుకున్నాను. ధర 299 రూపాయలు, ఇంటికి చేర్చినందుకు మరో 40 రూపాయలు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ చీటీని నమ్మి ఊరుకోలేక, తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో ఒక్కొక్క కట్టనే విప్పి చూశాను. ఆ రాత్రి మాకు తేలిన లెక్క ఇది: 14 కట్టల్లో చీటీకీ ఆకుకూ పొత్తు కుదిరింది, నాలుగింట్లో స్పష్టంగా తప్పు ఉంది, మిగిలిన మూడింట్లో పేరు దగ్గరే తగాదా ఉంది కాబట్టి అమ్మినవారిని పూర్తిగా తప్పుపట్టలేము.

ముందు మంచి మాట చెప్పాలి. పెట్టె అట్టతో చేసినది, లోపల తడి గుడ్డ పరిచి దాని మీద కాగితంలో చుట్టిన కట్టలను వరుసగా పేర్చారు. తులసి, మరువం వంటి లేత ఆకులు కూడా మరునాటి ఉదయం వరకు వాడలేదు. చీటీ మీద పైన సంస్కృత నామం, కింద తెలుగు పేరు ముద్రించారు. ‘అపామార్గ పత్రం పూజయామి’ అని పంతులుగారు చదువుతున్నప్పుడు చేతిలోకి తీసుకోవలసింది ఉత్తరేణి అని తెలియక తికమకపడే ఇళ్లకు ఈ ఏర్పాటు ఎంతో ఉపకరిస్తుంది. జిల్లేడు కట్ట నుంచి కారిన పాలు పక్కనున్న దానిమ్మ కట్టకు అంటుకుని జిగటగా తయారైన మాట నిజమే కానీ, అది పెద్ద లోపమేమీ కాదు.

అసలు లోపం కట్టలు కట్టిన పద్ధతిలో ఉంది. చాలా రకాలను కొమ్మతో కాకుండా విడి ఆకులుగా గిల్లి పెట్టారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, పూజలో వేయడానికీ సులువే, కానీ మొక్కను గుర్తుపట్టడానికి కావలసిన సాక్ష్యంలో సగం ఆ గిల్లడంతోనే పోతుంది. ఆకు ఆకారం ఒక్కటే చూసి మొక్క పేరు చెప్పేవారు తరచుగా పొరపడతారు, ఎందుకంటే ఆకారం ఎండకూ నీడకూ నీటికీ తగ్గట్టు ఒకే చెట్టులో కూడా మారిపోతుంది. కణుపు అంత తేలికగా మారదు. ఒక కణుపు దగ్గర ఆకు ఒకటే ఉందా, ఎదురెదురుగా రెండున్నాయా, చుట్టూ మూడున్నాయా, కాడ మొదట్లో పత్రపుచ్ఛాలు, అంటే ఇరువైపులా వచ్చే చిన్న ఆకుల్లాంటి భాగాలు, ఉన్నాయా, అవి ముళ్లుగా మారాయా, కాడ పైమూలలో మొగ్గ ఉందా అన్న ప్రశ్నలకు జవాబు కణుపు దగ్గరే దొరుకుతుంది. ఈ చివరి ప్రశ్నను తరగతిలో పిల్లలు ఎప్పుడూ తేలిగ్గా తీసుకునేవారు. మొగ్గ ఉండేది ఆకు కాడ మొదట్లోనే తప్ప, ఒకే ఆకు చీలి ఏర్పడిన చిన్న ముక్కలైన పత్రకాల మొదట్లో కాదు కాబట్టి, చేతిలో ఉన్నది పది ఆకులున్న కొమ్మా లేక పది పత్రకాలున్న ఒకే సంయుక్త పత్రమా అన్నది ఆ మొగ్గను వెతికితే తప్ప తేలదు.

జమ్మి కట్టను మాత్రం అదృష్టవశాత్తూ చిన్న రెమ్మలతోనే పెట్టారు, దాంతో తప్పు వెంటనే దొరికిపోయింది. చీటీ మీద ‘శమీ – జమ్మి’ అని ఉంది. లోపలున్నది మన రోడ్ల పక్కనా చెరువు గట్ల మీదా అడవిలా అల్లుకుపోయిన సర్కారు తుమ్మ. రెండింటి ఆకులూ రెండు అంచెలుగా చీలిన ఈకల మాదిరే ఉంటాయి, దూరం నుంచి చూస్తే అయోమయం కలగడం సహజం. అయితే జమ్మి పత్రకాలు చిన్నవి, బూడిద కలిసిన ఆకుపచ్చలో ఉంటాయి. సర్కారు తుమ్మ పత్రకాలు అంతకంటే పొడవుగా, ఎడం ఎడంగా కనిపిస్తాయి. దీనికన్నా గట్టి గుర్తు ముల్లు. సర్కారు తుమ్మలో కణుపు దగ్గర జంటగా, పొడవుగా, సూటిగా ముళ్లు వస్తాయి. జమ్మిలో చిన్న ముళ్లు కణుపుల నడుమ కాండం మీద అక్కడక్కడా చెదిరి ఉంటాయి. మనవరాలు భూతద్దం పెట్టి చూసి, ‘అమ్మమ్మా, ప్రతి ఆకు దగ్గరా రెండేసి ఉన్నాయి’ అన్నప్పుడు ఇక నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. ఒకప్పుడు ఈ రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, ఉంచేవారు, 2022లో సర్కారు తుమ్మను విడదీసి నెల్టుమా అనే ప్రజాతిలోకి మార్చారు. ఆ విధంగా చుట్టరికం కూడా కొంత దూరమైంది. తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ఉన్న చెట్టు పేరు రాసి, అమెరికా ఖండం నుంచి వచ్చి మన పొలాలను ఆక్రమించిన చెట్టు రెమ్మలు పెట్టడం పెట్టెలోని తప్పులన్నిటిలో నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

గన్నేరు కట్టలో విడి ఆకులే ఉన్నాయి. కొమ్మ ఉండి ఉంటే ఒక్క చూపుతో తేలిపోయేది. అసలు గన్నేరులో సాధారణంగా ఒక్కో కణుపు చుట్టూ మూడు ఆకులు ఉంటాయి, పచ్చ గన్నేరులో ఒక్కొక్క ఆకే మెలి తిరిగిన వరుసలో వస్తుంది. కొమ్మ లేదు కాబట్టి ఈనెలను ఆశ్రయించాము. గన్నేరు ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నడిమి ఈనె నుంచి రెండు వైపులకూ సన్నని ఈనెలు దువ్వెన పళ్లలా దట్టంగా, ఒకదానికొకటి సమాంతరంగా అంచు దాకా సాగి కనిపిస్తాయి. పచ్చ గన్నేరు ఆకు అంతకంటే సన్నం, అందులో నడిమి ఈనె తప్ప మరేదీ కంటికి స్పష్టంగా ఆనదు. పెట్టెలో వచ్చినవి ఈ రెండో రకం. కాడ తుంచిన చోట గడ్డకట్టిన తెల్లని పాల చుక్కలు కూడా అదే చెప్పాయి. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండూ గుండె మీద పనిచేసే విషం ఉన్నవి. కాబట్టి పూజ ఫలితం మాట ఎలా ఉన్నా, పసిపిల్లలున్న ఇంట్లో ప్రమాదం విషయంలో వీటికి తేడా లేదు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మూడూ విషపు మొక్కలేనని, పత్రి పెట్టిన పళ్లెం పిల్లలకు అందకుండా ఉంచాలని, జిల్లేడు పాలు కంట్లో పడితే హాని జరుగుతుందని పెట్టె మీద ఒక్క వాక్యమైనా లేకపోవడం తప్పు ఆకు పెట్టడం కన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం.

జాజి, మాచిపత్రి విషయంలో జరిగింది అజాగ్రత్తే. జాజి ఆకు ఈకలా చీలి, కొసన కొంచెం పెద్ద పత్రకంతో కలిపి మొత్తం ఏడు నుంచి తొమ్మిది పత్రకాలతో ఉంటుంది. పెట్టెలోనివి చీలిక లేని వెడల్పాటి ఒంటి ఆకులు. అడుగు భాగాన ఈనెలు కలిసే మూలల్లో చిన్న నూగు కుచ్చులు భూతద్దంలో కనిపించాయి, అవి మల్లె ఆకులు. పూలు విడిచిపెట్టినా ఆకులో ఇంత తేడా ఉన్న రెండు మొక్కలను కలిపేయడానికి కారణం రెండూ పూలమ్మేవారి దగ్గర దొరకడమే అయి ఉండాలి. మాచిపత్రి అని రాసిన కట్టలో చామంతి ఆకులున్నాయి. నలిపితే వాటికీ వాసన ఉంటుంది కాబట్టి చాలామంది మోసపోతారు. మాచిపత్రి ఆకును తిరగేస్తే అడుగున తెల్లని నూగు పరుచుకుని పైభాగానికీ అడుగు భాగానికీ రంగులో కొట్టొచ్చినట్టు తేడా ఉంటుంది, దాని ఘాటు పూలదండల్లో మరువంతో కలిపి కట్టినప్పుడు వచ్చే ఘాటు. వయ్యారిభామ పెట్టలేదు కదా అని మాత్రం సంతోషించాను, ఎందుకంటే దాని లేత ఆకు కూడా చీలికలతో దాదాపు ఇలాగే ఉంటుంది, ఒంటికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది.

ఇప్పుడు తగాదా ఉన్న మూడింటి మాట. విష్ణుక్రాంత అని రాసిన కట్టలో శంఖపుష్పం ఆకులు వచ్చాయి. ఐదు నుంచి ఏడు పత్రకాలున్న ఆకు, ప్రతి పత్రకం మొదట్లో కొద్దిగా ఉబ్బిన కాడ, ఇది చిక్కుడు కుటుంబపు తీగ అని చెప్పడానికి ఆ రెండు గుర్తులు చాలు. మన పల్లెల్లో విష్ణుక్రాంత అంటే మాత్రం ఎండు నేలల్లో, ఆటస్థలాల అంచుల్లో నేలబారుగా పాకే చిన్న మొక్క. దాని ఆకులు చిన్నవి, పట్టులాంటి నూగుతో ఒంటరిగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఉదయం పూట చొక్కా గుండీ కన్నా చిన్నవైన నీలి పూలు విచ్చుకుంటాయి, కుటుంబం ప్రకారం అది తూటికూరకు బంధువు. నేను తప్పు అని రాయబోతుండగా అమరకోశం గుర్తుకొచ్చింది. అందులో విష్ణుక్రాంత, అపరాజిత అనే పేర్లు ఒకే మొక్కకు పర్యాయాలుగా ఉన్నాయి, అపరాజిత అంటే శంఖపుష్పమే. కాబట్టి నిఘంటువును నమ్మితే పెట్టె ఒప్పు, ఊరి వాడుకను నమ్మితే తప్పు. నాకు వాడుకే ప్రమాణం, కానీ ఈ ఒక్క విషయంలో మార్కులు తీసేయడానికి చెయ్యి రాలేదు.

దేవదారు సంగతి ఇంకా వింత. అసలు దేవదారు పశ్చిమ హిమాలయాల్లో సుమారు 1500 మీటర్ల ఎత్తు దాటిన చోట పెరిగే, సూదుల్లాంటి ఆకులు పొట్టి కొమ్మల మీద గుత్తులుగా వచ్చే వృక్షం. దక్షిణాదిన ఇంటింటి పూజకు సరిపడా దాని ఆకు దొరకదు. ఆ పేరుతో నగరాల్లో వాడుకలో ఉన్నది బడుల ప్రహరీల వెంట స్తంభాల్లా నిలువుగా పెరిగే నరమామిడి, దీన్నే చాలామంది అశోక చెట్టని కూడా పొరపడుతుంటారు. పెట్టెలో వచ్చింది కూడా అదే: పొడవైన, నిగనిగలాడే, అంచులు అలల్లా మెలి తిరిగిన ఆకు. శేషాచలం వంటి పొడి కొండల్లో దేవదారి అని పిలిచే మరో చిన్న చెట్టు ఉంది, దానికీ హిమాలయ వృక్షానికీ ఏ బంధుత్వమూ లేదు. ఇన్ని చెట్లు ఒకే పేరును పంచుకున్నప్పుడు అమ్మేవారు చేయగలిగిన న్యాయమల్లా, ‘ఇక్కడి వాడుక ప్రకారం నరమామిడి ఆకు పెట్టాము’ అని చీటీ మీద రాయడమే. ఆ మాట రాయలేదు. గండకీ పత్రం అంటే దేవకాంచనమని చాలా పూజా పుస్తకాలు చెబుతాయి. కాంచనం చెట్లకు కొస దగ్గర రెండుగా చీలి ఒంటె గిట్టలా కనిపించే ఆకే గుర్తు. పెట్టెలో అటువంటి ఆకే ఉంది. అయితే ఆరె చెట్టు ఆకు కూడా అదే పోలికతో, పరిమాణంలో చిన్నదిగా, పొడవు కన్నా వెడల్పు ఎక్కువగా ఉంటుంది. ఇవి పెద్ద ఆకులు కాబట్టి ఆరె కాదని చెప్పగలను. అంతకు మించి ఏ కాంచనమో పూవు చూడకుండా నేను పేరు పెట్టను.

సరిగ్గా ఉన్నవాటిలో నాకు ఎక్కువ ఆనందం కలిగించినవి తులసి, మరువం, వావిలి. మనవరాలి చేత మూడు కాడలనూ వేళ్ల మధ్య దొర్లించి చూడమన్నాను. గుండ్రంగా దొర్లకుండా నాలుగు పలకలు తగిలాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, ఒక జంట తూర్పు పడమరలకు ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలకు తిరిగింది, నలిపితే వాసన వచ్చింది. మూడూ లామియేసి, అంటే తులసి కుటుంబమే. నేను పాఠం చెప్పిన రోజుల్లో వావిలిని వెర్బినేసి అనే వేరే కుటుంబంలో ఉంచేవాళ్లం. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక దానిని తులసి పక్కకు తెచ్చారు, ఆ మార్పు గురించి తెలిసిన రోజున నా పాత నోట్సులో కొట్టివేత పెట్టిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. ఆకు మాత్రం వేరు: తులసికీ మరువానికీ ఒంటి ఆకు, వావిలికి అరచేతి వేళ్లలా విడిన మూడు నుంచి ఐదు పత్రకాలు, వాటి అడుగున తెల్లని ఛాయ. ఇక్కడే మనవరాలు ఉత్తరేణి రెమ్మ తీసి, దీని కాడ కూడా పలకలుగానే ఉంది, ఆకులూ ఎదురెదురుగానే ఉన్నాయి, ఇదీ తులసి చుట్టమేనా అని అడిగింది. కాదు. దానికి వాసన లేదు, కణుపులు ఉబ్బి ఉంటాయి, కంకి మీద కాయలు నేల వైపు వంగి బట్టలకు అంటుకుంటాయి, దాని కుటుంబం తోటకూర కుటుంబం. ఒక్క గుర్తు మీద ఆధారపడి కుటుంబం పేరు చెప్పకూడదని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన మాటను ఆ రెమ్మ ఒక్క నిమిషంలో చెప్పేసింది.

మారేడు నిఖార్సైనది. మూడు పత్రకాలున్న ఆకును దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు సన్నని వెలుగు చుక్కలు కనిపించాయి. నిమ్మ కుటుంబపు ఆకుల్లో నూనె నిలిచే గ్రంథులవి. మూడు పత్రకాలే ఉన్న ఉలిమిరి ఆకులో ఆ చుక్కలు ఉండవు. చుక్కలున్న వెలగ ఆకులోనేమో పత్రకాలు మూడుకు మించి, ఐదో ఏడో ఉంటాయి. బృహతి అన్న చీటీ కింద ములక ఆకులున్నాయి. వాటి మీది నూగును భూతద్దంలో చూపిస్తే ఒక్కో వెంట్రుకా నక్షత్రంలా కొసలు విప్పుకుని కనిపించడంతో పిల్ల పది నిమిషాల పాటు ఆ ఆకును వదల్లేదు. మద్ది ఆకు మొదట్లో కాడతో కలిసే చోట రెండు చిన్న బుడిపెలు, రేగు ఆకులో అడుగు నుంచే బయలుదేరే మూడు ఈనెలు, రావి ఆకు చివరి పొడవైన తోక ఉండవలసిన చోట ఉన్నాయి. మామిడి, దానిమ్మ, ఉమ్మెత్త, జిల్లేడు గురించి చెప్పడానికి ఏమీ లేదు, వాటిని తప్పు పెట్టడమే కష్టం.

గరికను సరైన వాటిలోనే లెక్కపెట్టినా, ఒక చిన్న ఫిర్యాదు ఉంది. కట్టలో దాదాపు అయిదో వంతు తుంగ కలిసింది. కళ్లతో చూస్తే రెండూ గడ్డే, వేళ్లతో చూస్తే కావు. గరిక కాండం గుండ్రంగా, కణుపు కణుపుకూ వేరు పట్టే గుణంతో ఉంటుంది, ఆకు కాండాన్ని వీడే చోట చిన్న నూగు వరుస ఉంటుంది. తుంగ కాడను దొర్లిస్తే మూడు పలకలు తెలుస్తాయి, ఆకులు కూడా మూడు వరుసల్లో వస్తాయి. పొలం గట్టు మీద కొడవలితో ఒక్కసారిగా కోసినప్పుడు రెండూ కలుస్తాయి, ఏరే ఓపిక ఎవరికీ ఉండదు.

పెట్టెతో పాటు రంగుల బొమ్మలున్న నాలుగు పేజీల కరపత్రం ఇచ్చారు. కాగితం మంచిదే కానీ, బొమ్మల్లో సగం మొక్క మొత్తాన్ని దూరం నుంచి తీసినవి, చేతిలో ఉన్న ఆకుతో పోల్చుకోవడానికి పనికిరావు. బొమ్మ స్థానంలో ప్రతి మొక్కకూ రెండు గుర్తులు మాటల్లో రాస్తే కొన్నవారే సరిచూసుకోగలిగేవారు. ధర విషయానికి వస్తే, రైతుబజారు బయట ఊళ్ల నుంచి వచ్చి కూర్చునే ఆడవాళ్ల దగ్గర వంద రూపాయలలోపే పత్రి కట్ట వస్తుంది. అందులో ఇరవై ఒక్క రకాలు ఎప్పుడూ ఉండవు, పేరు చీటీలూ ఉండవు. కానీ వాళ్లు కొమ్మలతోనే తెస్తారు, ‘ఇదేమిటమ్మా’ అని అడిగితే ఎక్కడ కోశారో కూడా చెబుతారు. రాలేనివారికి, దూరదేశాల నుంచి పెద్దల కోసం ఆర్డరు పెట్టేవారికి ఈ పెట్టె ఉపయోగమే. అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను, విషపు ఆకుల హెచ్చరిక చేర్చి కట్టలను రెమ్మలతో ఇస్తే నాలుగు ఇస్తాను.

రాత్రి తొమ్మిదింటికి వాళ్ల నంబరుకు ఫోను చేశాను. ఎత్తిన కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. ‘మేము ఆకుల లెక్కన కొంటామండీ, కోసి తెచ్చేవాళ్లు ఏది చెబితే ఆ చీటీ అంటిస్తాం. జమ్మి ఏదో, తుమ్మ ఏదో మాకు కూడా తెలియదమ్మా’ అని ఒప్పుకుని, నాలుగు కట్టలకు లెక్కగట్టి 57 రూపాయలు వెనక్కి పంపాడు. ముళ్ల తేడా చెబితే రాసుకున్నాడు కూడా. ఉదయం లేచి మా వీధి చివర గుడి ప్రహరీ పక్కన ఎర్ర గన్నేరు నుంచి మూడేసి ఆకులున్న ఒక రెమ్మ, ఎదురింటి పందిరి నుంచి జాజి ఆకులు తెచ్చుకున్నాము. పూలమ్మే ఆవిడ పది రూపాయలకు దోసెడు మాచిపత్రి ఇచ్చింది. జమ్మి ఎంత వెతికినా దొరక్క, ‘శమీ పత్రం పూజయామి’ అన్నప్పుడు అక్షతలు వేశాము.